ఆకుపచ్చ బుట్టలో పాల కవరు

తెలియక చేసినానా మేడం? మీరూ అట్లే అనుకుంటాండారా?

కూచోండి. ఆ నైటీలు పక్కకు తోసేయండి, దారాలు కత్తిరించాల్సినవి. మా పామిడిలో ఏ ఇంట్లో చూసినా ఇవే కదా.

తొక్కలు ఎనుము కుడితికి, గుడ్డ పీలికలు దిండ్లలోకి. మా అత్త కాలం నుంచి ఇంతే. చెత్త ఏరేది నాకు రాదా?

మీరేమో బడి నుంచి మా సారాకు ట్యాబ్ ఇచ్చి పంపినారు. వంటింట్లో పట్టుకుంటే చాలు, మా బండల మీద లేని ఉడుత దాని తెరలో ఉన్నట్టే కనపడతాది. చెత్త సరైన బుట్టలో పడితే ఎగురుతాది, తప్పితే ఏడుస్తాది. బాగుండాది, కాదనను.

కానీ దానికి మీ గొంతెందుకు పెట్టినారు?

"శభాష్ సారా!" అంటాది, నా వంటింట్లో, మీ గొంతుతో. నా బిడ్డ మురిసిపోతాది. అదే మాట నేనంటే? "నీకేం తెలుసు, పోమ్మా!"

అన్నం తినేటప్పుడు అర్చన మేడం. జడ వేసేటప్పుడు అర్చన మేడం. ఆఖరికి ప్రార్థనలో కూడా నాకంటే ముందు మీ పేరే.

నవ్వద్దండి.

ఒకనాడు పొరపాటున పాల కవరు, తొక్కలు వేసే ఆకుపచ్చ బుట్టలో పడింది. ఉడుత ఏడ్చింది. సారా వచ్చి నా పక్కనే గొంతుక్కూచొని, బుట్ట కుమ్మరించి, "చూడమ్మా, తొక్కలు దీంట్లోకి, కవర్లు దాంట్లోకి" అని నా చెయ్యి పట్టుకొని నేర్పింది. అది నా చెయ్యి పట్టుకొని ఎన్నాళ్లయిందో!

అంతే. మరుసటి రోజు కావాలని నేనే వేసినా. ఆ మరుసటి రోజూ.

ఇంటి బుట్ట రోజూ తప్పినట్టు ట్యాబ్‌లో పడితే ఆ ఇంటి బిడ్డను అనంతపురంలో బడిపిల్లల ప్రదర్శనకు తీసుకపోరని నేను కలగన్నానా? నిన్న మీరు దాని పేరు కొట్టేసినారంట. బిడ్డ ఇంటికొచ్చి ముద్ద ముట్టకుండా పడుకునింది. "అంతా నీ వల్లే" అనింది. అప్పటి నుంచి ఈ నైటీలు అట్లే పడుండాయి, ఒక్క దారం కత్తిరించలేదు.

దాని పేరు మళ్లా రాసుకోండి మేడం. బిడ్డ తప్పేం లేదు. రేపట్నుంచి కలపను.

ఎందుకు చేసినానని మాత్రం దానికి చెప్పద్దండి. మీతో పోటీకి దిగినానంటే నగుబాటు కాదా?

అదిగో, బడి నుంచి వస్తాండాది. మిమ్మల్ని చూసిందంటే ఎవరి దగ్గరికి పరిగెత్తుతాదో నాకు తెలుసు.

ఈ ఒక్కసారికి, ఆ తలుపు చాటుకు జరుగుతారా మేడం?