తొట్టిలో రాత్రి

జపాన్‌లోని నీగాటాలో మంచు కురుస్తున్న సాయంత్రం, చేపల తొట్టెలమ్మే కొట్టులో ఇద్దరు మాట్లాడుకుంటున్నారు.

"ఇంకా పెద్ద బల్బు ఇవ్వవయ్యా. మా ఆవిడ ఫుమీ పెంచిన నీటిమొక్కలు నల్లబడిపోతున్నాయి. అవీ పోతే నాకేం మిగులుతుంది?"

"కంగారు పడకండి మాస్టారూ. లైటు రోజూ ఎంతసేపు వేస్తున్నారు?"

"ఆపితేగా! తొట్టి ఆవిడ పటం పక్కనే ఉంది. మనిషి పోయిన నలభై తొమ్మిదో రోజు దాకా దీపం కొండెక్కకూడదన్నారు గుళ్లో."

"అయ్యో, అది పటం ముందు దీపానికండీ! రాత్రీ పగలూ వెలుగుంటే ఆకులకి నల్లనాచు పట్టేస్తుంది. పాత బల్బే చాలు. రాత్రిళ్లు ఆర్పేయండి."

"ఆర్పేది ఫుమీయే. ఆర్పుతూ 'ఇక పడుకోండి' అనేది."

"మొక్కలతోనా, మీతోనా?"

"ఎప్పుడూ అడగలేదయ్యా. మొక్కలూ నేనూ, అందరమూ పడుకునేవాళ్లం."