బంగారు ఆకుల విత్తనం

ఇన్నాళ్లూ నోరు విప్పి ఎవరితోనూ అనలేదు గానీ అమ్మా, ఆ ఆకుల పసుపంటే నాకు ఇష్టం. జబ్బని తెలిశాక కూడా ఇష్టమే. మంచు విడిపోగానే మన బంగాళాదుంప చేనంతా దీపాలు పెట్టినట్టుండేది! జబ్బు ఇంత అందంగా వస్తుందని ఎవరనుకుంటారు?

అలా చూడకు. నువ్వు మాత్రం మురిసిపోలేదూ? "ఆకే ఇంత బంగారంలా ఉంటే దుంప ఇంకెలా ఉంటుందే!" అన్నదెవరు? మన క్రియోల్యా దుంప లోపలంతా పసుపే కదా, ఆ రంగే ఆకులోకి పొంగిందనుకున్నాం. ఈ కొండ మీద అందరూ అనుకునేదే.

అందుకేగా, చెల్లి కొత్త కాపురానికి పుట్టింటి విత్తనం పంపాల్సి వస్తే, ఏరి ఏరి ఆ మొక్కల దుంపలే మూటగట్టాను. నీడియాకి మంచివే ఇవ్వాలని! దేవుడి మీద ఒట్టు.

ఫోనులో ఆకుల బొమ్మలు చూస్తూ కూర్చుంటానని ఎగతాళి చేస్తావే, నిన్న అందులోనే మన పసుపాకు దొరికింది, వైరస్ జబ్బట. వైరస్‌లకీ ఇంటిపేర్లుంటాయమ్మా! ఏ ఆకారంలో ఉంది, ఏ పురుగు మోస్తుంది, అన్నీ చూసి వంశాలు కట్టారు. పేనుబంక మోసేవి కొన్ని, తెల్లదోమ మోసేవి కొన్ని. మనది తెల్లదోమ మోసేదే, దారప్పోగులా పొడుగ్గా ఉండే వంశం, అందులో వెంట్రుక శాఖ. నవ్వకు!

ఎరువు చాలక వచ్చే పసుపైతే ఆకు ఈనెల నడుమ పాలిపోతుంది. ఇది ఈనెల్లోనే మొదలవుతుంది. పరుగెత్తుకెళ్లి చూశాను. ఏ ఆకు పట్టుకున్నా ఈనెలే, అమ్మా, ఈనెలే!

మందు కొడితే పోదా అంటావా? మందు దోమకే. పక్క చేనుకి మోసేది దోమ. కొండ అవతల చెల్లి ఊరికి మోసింది నేను! జబ్బు దుంపలో కూర్చుని వెళ్లిపోయింది. పైకేమీ కనపడదు, దుంప నున్నగా ముద్దొస్తుంటుంది. వాళ్ల ఊళ్లో ఇప్పటిదాకా ఒక్క పసుపాకు లేదు, తెలుసా?

రేపు చెబుదామా? మన దుంప రేపటిదాకా ఆగే రకమా? తవ్వీ తవ్వకముందే మొలకెత్తుతుంది. ఈ పొద్దున్నే నాటుతున్నారు. దాని మొగుడు హెర్నాన్ బంధువులంతా పారలు పట్టుకుని సాయానికి దిగారట. గినీపందులు కాలుస్తున్నారట, విందట!

ఆ విందు మధ్యలో, "ఆపండి, మా విత్తనం మాకిచ్చేయండి" అనాలా? దీవెన వెనక్కి లాక్కున్నట్టే కదా! చెల్లి అత్త ఊరుకుంటుందా? "పెళ్లికాని అక్క, చెల్లెలి చేను చూసి ఓర్వలేకపోతోంది" అంటుంది. నీడియా నమ్ముతుంది కూడా. హెర్నాన్ మొదట మన గుమ్మం ఎక్కింది నా కోసమేనని దానికి తెలియదా ఏం?

నిన్న మధ్యాహ్నమే తెలిసిందమ్మా నాకు. ఫోను చేతిలోనే ఉంది. చేయలేదు.

ఎందుకా... పోనీలే, దాని చేనూ పసుపు పూయనీ అనుకున్నాను. ఒక్క క్షణమే అని చెప్పుకుంటున్నాను గానీ, ఆ క్షణం తెల్లారేదాకా సాగింది.

తిట్టు పోనీ.

సరే. తిట్టేదేదో నీడియానే తిడుతుందిలే. చేతిలో పార పడేసి మరీ తిడుతుంది. పడేస్తే చాలు.

అసూయ అనుకుంటే అనుకోనీ, సగం నిజమేగా. ఆ ఫోను ఇటివ్వు.