పితికినోళ్ళకే పితికిపప్పు

వేప్పనపల్లి దగ్గర ఒక పల్లె. పొద్దు వాలి, చలి దిగిన వేళ. వంటింట్లో పొయ్యి ముందర మునివెంకటమ్మ, ఆమె తమ్ముడి కూతురూ కోడలూ అయిన పవిత్ర, నానబెట్టిన అనపగింజల పొట్టు పితుకుతున్నారు. పక్కనున్న నడిమింట్లో మంచం మీద మునివెంకటమ్మ కొడుకు, పవిత్ర భర్త లోకనాథ్ పడుకుని ఉన్నాడు. అతన్ని బెంగుళూరు ఆస్పత్రి నుంచి ఈ వారమే ఇంటికి తెచ్చారు.

“అంత గట్టిగా నొక్కితే పప్పు చిదిగిపోతుందే. రెండు వేళ్ళ నడమ పెట్టి ఇట్ల అంటే చాలు, ఎగిరి గిన్నెలో పడాల.”

“నాకు నేర్పించాల్నా అత్తా? పెండ్లయినప్పట్నించీ పితుకుతానే ఉండా.”

“అయితే మనసు ఈడ లేదు నీకు. పప్పు గిన్నెలో పొట్టు వేస్తా ఉండావు, పొట్టు గిన్నెలో పప్పు వేస్తా ఉండావు. చూడు.”

“చలికి వేళ్ళు కొంకర్లు పోయినాయి.”

“పొయ్యి ముందర కూర్చుని చలంటుంది. సరే, డాక్టరు ఏం చెప్పినాడో ఇంకోసారి చెప్పు.”

“చెప్పినాను కదత్తా.”

“ఏం చెప్పినావు? గంజి పొయ్యాల, మాత్రలు వెయ్యాల. అంతేనా? అంత దూరం పోయి, కడుపు కోయించుకుని, అన్ని దినాలు ఆడ పండుకుని వచ్చింది గంజి తాగేదానికా?”

“పుండు మానేదంకా అంతే.”

“గడ్డ తీసేసినారు కదా?”

“కడుపు కోసినారు కదా.”

“కోసింది నాకూ తెలుసు, కట్టు కనిపిస్తానే ఉంది. తీసినారా అని అడుగుతా ఉండా.”

“ఆ గిన్నె ఇట్ల జరుపు. నిండిపోయింది.”

“పవిత్రా.”

“ఇదో, నీ కొడుకు పిలుస్తా ఉండాడు. ఏం బావా?”

“వాసన వస్తా ఉంది.”

“ఏం వాసన?”

“అనపగింజల పచ్చి వాసన. అత్తాకోడండ్లు నాకు తెలీకుండా పితుకుతా ఉండారా?”

“మా ఇద్దరికే. నీకు గంజి కాస్తా ఉండా.”

“గంజి నువ్వు తాగు. తాగీ తాగీ నేను గంజి పెట్టిన పంచె మాదిరి బిర్రుగా అయిపోయినా. ఇంక ఇస్త్రీ చేసి మడత పెట్టి పెట్టెలో వేసేస్తే సరి.”

“నవ్వద్దు బావా, కుట్లు లాగుతాయి.”

“నవ్వేది నేను కాదే, మీ అత్త.”

“నవ్వక ఏం చేసేదిరా, నీ నోరు మాత్రం బాగుంది.”

“అమ్మా, నాకూ ఒక గిన్నెలో వేసి ఇయ్యి. పితుకుతా.”

“ఇస్తా నాయనా.”

“ఇయ్యద్దత్తా.”

“ఎందుకే?”

“చన్నీళ్ళు. చేతులు తడిస్తే జ్వరమొస్తుంది.”

“ఉడుకునీళ్ళలో వేసి ఇస్తా.”

“వద్దంటి కదా.”

“చేతులు తడుస్తాయని కాదు నువ్వు వద్దనేది. నాకు తెలీదా?”

“ఏం తెలుసు నీకు?”

“ఈ ఇంట్లో పితికినోళ్ళకు పెట్టకుండా ఉండేది లేదు. మా మామ కాలం నించీ అంతే. గంప చుట్టూ కూర్చుని చెయ్యి పెట్టినోళ్ళు కూలోళ్ళు కానీ, దావన పోతా ఆగినోళ్ళు కానీ, వాళ్ళ అన్నం తట్టలోనే మొదట పోస్తాం. చెయ్యి పెట్టనోడికి వట్టి సంగటి, మజ్జిగ. ఈ లోకా చిన్నప్పుడు బడి నించి వచ్చి, సంచి కూడా దించకుండా రెండు గింజలు పితికి, ‘నేనూ పితికినా’ అని తట్ట పట్టుకుని కూర్చుండేవాడు.”

“అందుకే వద్దంటా ఉండా. పితికితే పెట్టమంటాడు.”

“పెడితే ఏమి?”

“డాక్టరు వద్దన్నాడు.”

“పితికిపప్పు కన్నా మెత్తనిది ఇంకేముందే? పైన తోలు కూడా లేకుండా తీసేస్తా ఉండాం కదా. కారం తగ్గిస్తా. గసగసాలు, టెంకాయ ఇంకా మెత్తగా నూరుతా.”

“సంగటి?”

“సంగటిని నమిలేది యాడుంది? మింగేదే కదా. నెయ్యి వేసి, పులుసులో ముంచి పెడితే గొంతుకు కూడా తెలీకుండా జారిపోతుంది.”

“కడుపు ఒప్పుకోదత్తా.”

“మీ డాక్టరు ఏ ఊరోడు?”

“ఉత్తరాది ఆయన.”

“అదీ సంగతి. రొట్టె తినేవాడికి సంగటి గురించి ఏం తెలుసు? నువ్వు పేరు పెట్టి అడిగినావా? రాగిసంగటి, పితికిపప్పు పులుసు అని అడిగినావా?”

“అడిగినా.”

“ఏ బాసలో అడిగినావు?”

“నర్సమ్మ మన మాదిరి తెలుగామె. ఆమె చెప్పింది ఆయనకు.”

“ఏమన్నాడు?”

“పొయ్యి ఆరిపోతా ఉంది. కొట్టంలో నించి కట్టెలు తెస్తా.”

“ఏమన్నాడే?”

“నేను వచ్చే లోపల ఆయనకు గిన్నె తీసుకుని పోవద్దు.”

“పోను.”

“పోవద్దత్తా.”

“పోనంటి కదా, పోయి కట్టెలు తేపో. … లోకా. లోకా, నిద్దరపోయినావా?”

“లేదమ్మా.”

“ఇదో, ఈ తువ్వాలు ఒళ్ళో వేసుకో. ఆయమ్మి కట్టెలకు పోయింది. వచ్చే లోపల నాలుగు పితుకు.”

“ఉడుకునీళ్ళు పోసినావా? బాగుందమ్మా. చేతులకు వెచ్చగా ఉంది. కాసేపు ఇట్లే పెట్టుకుని ఉంటా.”

“వెచ్చదనం తర్వాత. పితుకు ముందు.”

“వేళ్ళలో బలం లేదమ్మా. జారిపోతా ఉంది గింజ.”

“అట్ల కాదు. బొటనవేలు ఇట్ల పెట్టు. ఆ. అంతే. పడింది చూడు.”

“ఒకటి.”

“ఒకటైనా పితికినట్టే. ఇంకొకటి తీసుకో.”

“అమ్మా, నా వేళ్ళ మీద నీ వేళ్ళు పెట్టి నువ్వే నొక్కుతా ఉండావు. అది నేను పితికినట్టా?”

“గింజ ఎవరి చేతిలో ఉంది? నీ చేతిలోనే కదా? మాట్లాడకుండా సుమ్మనుండు.”

“అత్తా.”

“వచ్చినావా? కట్టెలు తడిగా లేవు కదా?”

“పోనంటివి.”

“తిట్టద్దు పవిత్రా. నేనే అడిగినా.”

“ఎన్ని పితికినావు బావా?”

“రెండు. ఒకటి అమ్మ లెక్కలో వేసుకో. ఒకటి మాత్రం నాది.”

“ఆ గిన్నె ఇట్ల ఇయ్యి బావా, నీళ్ళు చల్లారిపోతాయి.”

“పితికినా కదా. ఇంక పెట్టకుంటే ఎట్ల?”

“బావా, వినప్పా. నీకు బాగైనాక నేనే పెద్ద కుండకు చేస్తా. మా నాయనోళ్ళను కూడా పిలుస్తా. అనపకాయలు ఇంకా చానా దినాలు వస్తాయి.”

“వస్తాయి. అనపకాయలు వస్తాయి.”

“అట్ల మాట్లాడద్దు.”

“నేనేం మాట్లాడినానే? నువ్వు చెప్పిందే చెప్పినా.”

“చలిగాలి వస్తా ఉంది. ఈ తలుపు వేస్తా.”

“వేయద్దు. వాసనన్నా రానీ.”

“… రా అత్తా, ఇట్ల వంటింట్లోకి రా. ఎందుకు చేసినావిట్ల?”

“వాడు నా కడుపున పుట్టినోడు కాబట్టి చేసినా. ముఖం చూసినావా? రెండు గింజలకే ఎంత కళ వచ్చిందో.”

“చూసినా.”

“చూసీ ఎట్ల గంజి పోస్తావే? నడిమింట్లో వాడు గంజి తాగతా ఉంటే ఈడ మనిద్దరం పితికిపప్పు పోసుకుని తినాల్నా? నాకు దిగదు.”

“నాకు మాత్రం దిగుతుందా?”

“అయితే ఎందుకు నానబెట్టినావు?”

“ఆయనే అడిగినాడు. నిన్న సందకాడ. ‘ఈ తడవ అనపకాయలు వచ్చినాయా’ అని అడిగినాడు. వచ్చినాయన్నా. నానబెట్టేసినాను. పెట్టేదానికి చెయ్యి రావడం లేదు.”

“చెయ్యి రాకపోవడమేమి? తమ్ముడి కూతురని ఏరి కోరి తెచ్చుకుంటే, నా బిడ్డ నోటికాడ అడ్డం నిలబడినావు. పరాయిది కూడా ఇంత రాతిగుండెతో ఉండదు.”

“అను. ఇంకా అను.”

“అంటాను. ఒక్క ముద్ద తింటే ఏమైతుంది వాడికి?”

“ఏమీ కాదు.”

“ఏమీ కాదా?”

“కాదు. తిన్నా ఏమీ కాదు, తినకున్నా ఏమీ కాదు.”

“మరి ఎందుకే అంత పట్టు?”

“గంజి పోస్తా ఉంటే, మాత్రలు వేస్తా ఉంటే, ఇది వద్దు అది వద్దు అంటా ఉంటే, ఏదో బాగు చేస్తా ఉన్నట్టు ఉంటుందత్తా. నీకూ అట్లే ఉండింది కదా ఈ దినాలు?”

“ఏం మాట్లాడతా ఉండావో నాకు తెలియడం లేదు. సంగటి కలబెట్టేస్తా ఉండా నేను. వాడి తట్ట కడుగు.”

“అత్తా, ఆగు.”

“ఆగేది లేదు. నీ డాక్టరుతో నేను మాట్లాడతా. ఫోను చేసి ఇయ్యి.”

“ఫోను వద్దు.”

“మరి నువ్వన్నా చెప్పు. సంగటి, పితికిపప్పు అని పేరు పెట్టి అడిగినానంటివి కదా. వద్దన్నాడా, లేదా?”

“గొంతు తగ్గించు, తలుపు తెరిచే ఉంది.”

“చెప్పవే.”

“వద్దన్లేదత్తా. ఇంటికి తీసుకుపోండి, ఆయన ఏం అడిగితే అది పెట్టండి అన్నాడు.”