ఎరుపు తగ్గినంక

నాందేడ్‌లో విమలాబాయి ఒక్కతే ఉండే ఇల్లు. పైగదిలో అద్దెకున్న ప్రాజక్తకు రైల్వే ఆఫీసు కొలువు. నెలాఖరుకు సికింద్రాబాద్‌కు బదిలీ. చెల్లెలి పెళ్ళికని సొంతూరు ఉమ్రికి పోయి, వారం దాటాక అప్పుడే తిరిగి వచ్చింది. ఆమె పెంచుకునే ఆడకుక్క చిమ్నీ మెట్ల కింద పడుకొని ఒళ్ళు నాక్కుంటోంది.

"చిమ్నీ గొలుసు ఎవరు తీసిన్రు పెద్దమ్మా?"

"ముందుగాల కాళ్ళు కడుక్కో బిడ్డా. పెండ్లి మంచిగ అయ్యిందా? అరిసెలు తెచ్చినవా?"

"తెచ్చిన. గొలుసు సంగతి చెప్పు."

"నేనే తీసిన. దాని ముట్టు అయిపోయింది గద."

"కుక్కకు ముట్టేంది?"

"ముట్టు గాక మరేంది? నువ్వు పోయేటప్పటికే నెత్తురు పడుతుండె. మన ఆడోళ్ళు బయట కూసున్నట్టె దాన్ని మెట్ల కింద కూసుండవెట్టిన. దేవుని అర్ర దిక్కు రానియ్యలే. ఎరుపు తగ్గంగనే సీకాయ పెట్టి తలకు పోసి ఇంట్లకు తీసుకున్న. తప్పా?"

"అరే దేవా! కుక్కకు సీకాయనా? నేను పోయేటప్పుడు ఏమని చెప్పి పోయిన?"

"శానా చెప్పినవ్. పాలల్ల రొట్టె నానవెట్టుమంటివి, ఒక్కదాన్నే ఉంచకుమంటివి..."

"గేటు తియ్యకుమన్న. నెత్తురు ఆగినా తియ్యకుమన్న."

"ఆగినంక ఇంకేం భయం?"

"అప్పుడే భయం! మన లెక్క వేరు, దాని లెక్క వేరు. మొదలు ఉబ్బుతది, నెత్తురు కారుతది. వాసనకు మొగకుక్కలు గుమిగూడుతయ్ గని, ఇది దగ్గరికి రానియ్యది, కరుస్తది. నెత్తురు పల్చబడి, మాంసం కడిగిన నీళ్ళ లెక్క అయినంక తోక పక్కకు వెట్టి నిలవడ్తది. కడుపయ్యే దినాలు అవే. నువ్వు సరిగ్గ అప్పుడే ఇడిసినవ్."

"గిట్లుంటదా! మాకెవరు చెప్పాలె బిడ్డా. అన్నీ మీ సదువులల్లనె ఉంటయ్."

"బయటికి పోయిందా?"

"యాడికి పోతది..."

"పోయిందా, పోలేదా?"

"గల్లీ మలుపు దాక. ఆ వడ్రంగోళ్ళ ఎర్రకుక్క ఉంటది సూడు, సగం చెవుది..."

"పెద్దమ్మా!"

"నేనేం జేద్దు? పాలాయన గేటు తీసిండు, ఇది ఉరికింది."

"పాలాయన గేటు అవుతలనే నిలవడి పిలుస్తడు గద. లోపటికి ఎప్పుడచ్చిండు?"

"అయితే గాలికి తెరుసుకున్నదేమో."

"ఇప్పుడే పాలాయన అంటివి."

"పాలాయనో, గాలో... ముసలిదాన్ని, యాదికుంటదా? ఈ ఇంట్ల ఇన్ని దినాలు నేను మాట్లాడింది దానితోనే. అది ఒక్కపారి ఊఁ అనలే, తెలుసా?"

"మాట తిప్పకు. రెండూ కలిసినయా?"

"కలిసినయ్."

"నీకెట్ల ఎరుక?"

"ఇడిపోయేదాక కట్టె వట్టుకొని నేనే నిలవడ్డ. లేకుంటే పోరగాండ్లు రాళ్ళు కొడ్తరు."

"నిలవడి కావలి కాసినవా! బస్ జెయ్యి పెద్దమ్మా, ఇంక నువ్వేం చెప్పకు. రెండు నెలలల్ల ఈనుతది. సికింద్రాబాద్‌ల నాకు దొరికింది మూడో అంతస్తుల ఒక్క అర్ర. పిల్లలను యాడ పెట్టుకోవాలె? రేపే డాక్టర్ కాడికి తోల్కపోత. కడుపు నిలవకుండ ఆపరేషన్ చేస్తరంట."

"వద్దు."

"వద్దంటె?"

"వద్దు బిడ్డా. జర ఆగు. దాన్ని ఈడనే ఈననీ. నేను సూసుకుంట."

"ఎప్పుడు కట్టాల్నో, ఎప్పుడు ఇడవాల్నో తెల్వదు. నువ్వేం సూసుకుంటవ్?"

"నాకు తెల్వదా?"

"ఇంతసేపు తెల్వదనే గద అన్నవ్."

"నేను మాండవిల పుట్టిన పోరీ. అడివి అంచుకు చేను, కుక్కలే మాకు కావలి. తోక పక్కకు వెట్టిందంటె ఏందో లంగా కట్టిన నాటి నుంచి ఎరుకే."

"మరి ముట్టు, సీకాయ... అన్ని ఉత్తయేనా? ఎరికుండే ఇడిసినవా?"

"గేటు నేనే తీసిన."

"ఎందుకు? కుక్కపిల్ల కావాల్నంటే నోటితోని అడుగరాదా? మా ఊర్ల అడిగితే బుట్టెడు ఇస్తరు. ఒక్కటి తెచ్చిస్తుంటి గద."

"కుక్కను నేనేం జేసుకుంట బిడ్డా? చిమ్నీ పిల్ల నా కాడుంటే, తల్లికి సూపియ్యనీకైనా నువ్వు ఎప్పుడో ఒకపారి ఈడ రైలు దిగుతవని."