కస్తూరి పేరు మీద పన్ను

ఒక్క మాట తప్ప నేనెన్నడు ఏం రాసినదాన్ని కాదు నిత్యా. ఐదో తరగతి దాక సదివిన, అంతే. మా మామ గురించి రాయమని నువ్వే ఎంటబడ్డవ్, తప్పులుంటే నువ్వే దిద్దుకో. మా మామ నాగేశ్వర్ రావుది సూర్యాపేటల బియ్యం దుకాణం. మా అత్త పోయినంక సంచుల మీద ఆమె పేరే అచ్చేయించిండు, కస్తూరి బియ్యం అని. బతికున్నన్ని రోజులు ఆమెను ఓయ్ అనుడే గని పేరుపెట్టి పిలిచిందిలేదు, అది వేరే ముచ్చట. ఇగ సంచి మీద పేరుంటే పన్ను, లేకుంటే లేదన్నరు సర్కారోళ్లు. అదే కుప్ప, అదే బియ్యం. కోదాడల అందరు పేర్లు తీసేసిండ్రు, మనం గూడ తీసేద్దామన్నడు మా ఆయన. మామ అన్నం ముందలికెల్లి లేసిండు. "ఒకసారి పోయింది సాలదా, మల్ల పంపుతవా?" అన్నడు.

అప్పుడే సర్కారు ఒక కమిషన్ ఏసింది, పన్ను చట్టాలు ఎట్ల మార్చాల్నో సదవనీకి. సదువుడంటే మామూలు సదువు కాదు బిడ్డా, ఆర్నెల్లని మొదలుపెట్టి మూడుసార్లు గడువు పెంచుకున్నరు. నేను ఒక్క తరగతి రెండేండ్లు సదివితేనే ఇంట్ల కూసోబెట్టిండ్రు. మిర్యాలగూడకొచ్చి యాపారస్తుల మాట ఇంటమంటే, మామ ఉతికిన ధోతి కట్టుకొని రెండు బియ్యం పొట్లాలు పట్టుకపోయిండు. ఒకదాని మీద కస్తూరి అని ఉన్నది, ఇంకోటి పేరు లేనిది. బియ్యపోళ్లకు మాటకంటె ముందు మచ్చు సూపించుడే అలవాటు గదా. "రెండు నమిలి చెప్పుండ్రి సారు, పన్ను దేంట్ల తగులుతదో" అన్నడట. పెద్దసారు నవ్వి, అధ్యయనం చేస్తమన్నడట. ఆ పొట్లాలను అటెండరు రాములోరి తలంబ్రాలనుకొని కండ్లకద్దుకొని జేబుల ఏసుకున్నడట. గంతే, అధ్యయనం ఖతం.

మామ రోజు పోస్టు కోసం గడప మీద కూసునేటోడు. ఆ ఎండకాలమే పోయిండు. దినాలైనంక ఉత్తరమొచ్చింది: కాగితం మీద రాసియ్యలేదు గనుక మీ విన్నపం నమోదు కాలేదు, గడువు మల్ల పెంచినం, రాసి పంపగలరు అని. మా ఆయన అది మడిచి గల్లాపెట్టెల ఏసిండు. ఇగ అడ్డం చెప్పెటోళ్లు లేరు గదా, ఆ మాపటికే పేరు లేని సంచులు ఆటోల దిగినయి.

తెల్లారి ఆయన లేవకముందే నేను దుకాణం తెరిచిన. నీలం రంగు, కుంచె పట్టుకొని ఒక్కో సంచి మీద కస్తూరి, కస్తూరి అని రాసుకుంట పోయిన. స్తూ కాడ పాత సంచి సూసుకుంట రాసిన. ముప్పై సంచులైనంక ఎనకాల ఆయన నిలబడి ఉన్నడు. ఇదేం పని, పన్నెవరు కడ్తరన్నడు. ఆయన మాటకు ఎన్నడు ఎదురు చెప్పినదాన్ని కాదు.

"అధ్యయనం చేస్తా" అన్న. ఇంకో సంచి దగ్గరికి గుంజుకున్న.