విమానానికి పట్టిన అద్దం

ఆ, గా అద్దం ముందట్నే నిలవడు బిడ్డా, దువ్వెన గాడనే సందుల ఉంటది చూడు. పౌడరు డబ్బ కూడ ఉన్నది గని గిప్పటోళ్ళు పౌడరు ఎక్కడ రాసుకుంటున్నరు. నిమ్మళంగ దువ్వుకో, తొందరేం లేదు, కరెంటు వస్తెనే లైట్లు, లైట్లు వస్తెనే ఫోటో. ఏంది? మూలకు పగిలిందా? పగిలింది. మార్చనా అంటె, మార్చ. మా కోడలు కూడ రోజు గదే పాట, "మామా, గా పాతది తీసెయ్యరాదు, ఒచ్చినోళ్ళ మొకాలు వంకర కనవడుతున్నయి" అని. కనవడనియ్యి అంట నేను. విమానానికి పట్టిన అద్దం అది. నవ్వకు. జగపతి పటేలు పేరు ఎన్నడన్న ఇన్నవా? మీ తాత శ్రీపాల్ ఉంటె చెప్పేటోడు. ఇనలేదా? ఇగ కూసో మరి. కరెంటు ఇప్పట్ల రాదు.

జగపతి పటేలుది గీ పక్కూరే, భూములున్న ఇల్లు. ఆయన అన్న మహిపాల్ పటేలు రాజకీయాలల్ల తిరిగేటోడు, జీపు, ఖద్దరు, ఎనక ఎప్పుడు పదిమంది. తమ్మునికి గవేం పట్టలె. హైద్రాబాద్ల చదువుకుంటుండె. గప్పుడే అరవై తొమ్మిది ఉద్యమం లేసింది. కాలేజీలు బంద్, పరీక్షలు బంద్, పోరగాండ్లంత రోడ్ల మీదనే. ఈయన గూడ ఊరేగింపుల పోయిండు, లాఠీలు లేసినయి, ఉరికిండు. ఉరికి ఉరికి బేగంపేట కాడ ఒక గోడ పక్కకు నక్కిండట, ఒక కాలుకు చెప్పు లేదు, అంగి చినిగింది. గప్పుడు నెత్తి మీదికెల్లి విమానం దిగింది. నా కుర్చీల కూసోని చెప్పేటోడు, గిట్ల రెండు చేతులు లేపి, "ప్రభాకర్, ముందుగాల చక్రాలు కనవడ్డయి రా. తర్వాత పొట్ట. పొట్ట కింద నూనె మరకలు గూడ కనవడ్డయి. గంత పెద్దది గంత మెల్లగ ఎట్ల దిగుతది రా? నేను భయమే మరిచిపోయిన" అని. ఆ ఏడాది ఆయన చదువు పోయింది, గీ పిచ్చి పట్టింది. ఇగ ఒదలలె.

నా స్టూడియోకు గందుకే వచ్చేటోడు, ఫిలింలు కడిగిపియ్యనీకె. మంచి కెమెరా ఉండె ఆయనకాడ, నాకాడున్నదానికంటె మంచిది. గని ఏం తీస్తడు? విమానాలే. మనిషి మొకం తియ్యడు. మహిపాల్ పటేలు బిడ్డ ప్రేమలత పెండ్లయింది, "బయటోళ్ళెందుకు, నువ్వే తియ్యిరా" అని అన్న బతిలాడిండు. సరే అన్నడు. తీరా జీలకర్ర బెల్లం పెట్టే టైంకు పైనకెల్లి మోత ఇనవడ్డది, ఈయన కెమెరా తీస్కొని పందిట్లకెల్లి బయటికి ఉరికిండు! ఆ ఆల్బం చూడాలె నువ్వు. పిల్ల కూసున్న ఫోటో, పిలగాడు కూసున్న ఫోటో, మధ్యల విమానం, తర్వాత తలంబ్రాలు. అన్నకు గప్పుడు లేసిన కోపం మల్ల తగ్గలేదు.

గీ మనిషే తర్వాత భూమి చుట్టు తిరిగొచ్చిండు. ఏందీ, భూమి చుట్టా? ఆ, గాడికే వస్తున్న. ఎమర్జెన్సీ పోయినంక, డెబ్బై ఎనిమిది అనుకుంట. ఒకటే దిక్కుకు పోవుకుంట పోవుకుంట భూమి చుట్టు తిరిగి మల్ల హైద్రాబాద్ల దిగే టికెటు ఉంటదట, అది తీస్కున్నడు. వాటాకొచ్చిన తోట అమ్మిండు దానికోసం. మహిపాల్ పటేలు నా ముందట్నే నిలదీసిండు, "లండన్ల ఏం చూస్తవ్ రా?" "విమానాలు." "అమెరికల?" "విమానాలన్న." "అంటె విమానమెక్కి పోయి, విమానాలు చూసి, మల్ల విమానమెక్కి వస్తవా?" "ఔ" అన్నడు. గంతే. గీ మానుకోట స్టేషన్‌ల రైలు దిగే మనిషి, భూమి చుట్టు తిరిగొస్తనంటె! నేను అప్పటికి బెజవాడ దాటలేదు.

గని పోవుడు ఆగింది. ఎందుకాగింది? పైసలు కాదు, పాస్‌పోర్టు కాదు. సుక్కవ్వ ఒద్దన్నది.

సుక్కవ్వ అంటె ఎవరో చెప్పలేదు గద. జగపతి పటేలును కనంగనే తల్లి సచ్చిపోయింది. ఊరి పక్క తాండల లంబాడామె సుక్కి, గప్పుడే ఆమెకు కొడుకు జాల్యా పుట్టిండు. ఇద్దరిని రెండు దిక్కుల ఏస్కొని పాలిచ్చి సాదింది. ఈయన ఆమెను వాళ్ళ భాషలనే "యాడీ" అని పిలిచేటోడు, అమ్మా అని. పటేండ్ల ఇంట్ల కొందరు మూతులు ముడిచిండ్రు గని ఈయన ఎవ్వలి మాట ఇనలె. ఆ జాల్యా పెద్దగయినంక కాల్వ పనులకని కూలోళ్ళతోని పోయిండు. పోయినోడు పోయిండు. ఉన్నడో లేడో, ఎవ్వలు చెప్పలె. ఆమె ఎన్ని ఏండ్లు బాట చూసిందో ఆమెకే ఎరుక.

గందుకే ఈయన పోయి "యాడీ, భూమి చుట్టు తిరిగొస్త" అంటె ఆమె ఇంట్లకెల్లి బయటికి రాలె. నేను సైకిలు మీద ఎంట పోయిన ఆ దినం. లోపటికెల్లే అంటది, "గాడు గూడ ఒస్తనే అన్నడు బేటా. తొవ్వ మీద పోయినోడే కనవడకపాయె. నువ్వు తొవ్వ లేనికాడికి పోతున్నవ్." ఈయన గడపల కూసున్నడు. నువ్వు పొమ్మంటెనే పోత, లేకుంటె పోను అన్నడు. నిజంగనే పోకపోయేటోడు, గసొంటి మనిషి. తెల్లారకముందు మబ్బుల పోయినం, పొద్దు నెత్తి మీదికొచ్చింది, ఆమె బయటికి రాదు, ఈయన లేవడు. ఆఖరికి ఈయనే అన్నడు, "యాడీ, నేనెక్కే మొదటి విమానం హైద్రాబాద్ కెల్లి ఇశాఖపట్నం పోతది. గీ తాండ మీదికెల్లే పోతది. నువ్వు రోజు చూస్తవ్ గద, పొద్దుగాల పోయేది, గదే. నేను దాంట్ల ఉంట." గప్పుడొచ్చింది బయటికి. కొంగుతోని మొకం తుడుసుకున్నది. "ఉంటవ్. నాకెట్ల తెల్వాలె నువ్వున్నట్టు? నీకెట్ల తెల్వాలె నేను చూస్తున్నట్టు?"

ఆమె రవికెకు, కొంగుకు మొత్తం అద్దాలే గద, లంబాడోళ్ళ బట్టలు నువ్వు చూసినవ్ గద. ఎండ పడి ఆ అద్దాలు ఈయన అంగి మీద మెరుస్తున్నయి. ఈయన గవి చూసుకుంట చూసుకుంట నా దిక్కు తిరిగి, "ప్రభాకర్, నీ స్టూడియో అద్దం ఎంత పెద్దగుంటది రా?" అన్నడు.

గదీ సంగతి. గీ అద్దమే. మా అయ్య కాలంది. ఎడ్లబండ్ల బొంతలేసి, దాని మీద పండవెట్టి, బాలింత లెక్క కాపాడుకుంట తీస్కపోయిన తాండకు. ఆ దినం తాండల ఎవ్వలు కూలికి పోలె బిడ్డా. కమ్లీ, మోతీ, ముసలోళ్ళు, పడుసోళ్ళు, పెండ్లికి కట్టుకునే బట్టలన్ని కట్టుకొని మెట్ట చెల్కల వరస నిలవడ్డరు. రెడ్యా అని వాళ్ళ పెద్దమనిషి, ఆయన గడ్డం గీసుకునే చిన్నద్దం పట్టుకొచ్చిండు. నేను నడుమ, గీ అద్దం పట్టుకొని. సుక్కవ్వ నా పక్కకు. ఇగ చూస్తున్నం, చూస్తున్నం. విమానం రాదు! రోజొచ్చే టైము దాటింది. మంచినీళ్ళకని కొందరు జరిగిండ్రు. మబ్బు తునక ఒకటి సూర్యుని దిక్కు నడుస్తున్నది, నాకు పరేషాన్. సుక్కవ్వ మాత్రం మెడ దించలె. "ఒస్తది" అంటది. గంతే, "ఒస్తది".

వచ్చింది. ముందు మోత, తర్వాత తెల్లగ చుక్క. ఒక చెయ్యి ముందటికి చాపి, ఏళ్ళ సందుల విమానాన్ని పట్టి, ఆ ఏళ్ళ మీదికి ఎండ మళ్ళేసిన. అద్దం అడుగు పొట్టకు ఆనిచ్చి రెండో చేతితోని పట్టుకున్న. ఆడోళ్ళంత గిరగిర తిరుగుతున్నరు, కొంగులు ఊపుతున్నరు, "బేటా! బేటా!" అని ఒకటే లొల్లి. నేల మొత్తం మెరిసింది బిడ్డా, చెల్కల నీళ్ళు పారినట్టు మెరిసింది. నాకు ఏడుపొచ్చింది ఎందుకో. విమానం వంగలేదు, ఆగలేదు, సక్కగ పోయింది. మోత గూడ పోయింది. సుక్కవ్వ నన్నడిగింది, "చూసిండా?" నేనేం చెప్పాలె? "చూసిండు యాడీ" అన్న. "నీకెట్ల ఎరుక?" అన్నది. నేను అద్దం బొంతల చుట్టవట్టిన. ఆమె జడలకు ఏస్కునే ఎండి బిళ్ళలు ఆ దినమే తీసి సంచిల ఏసింది. బేటా నన్ను చూసిండని తెల్సినంకనే పెట్టుకుంట అన్నది.

ఆయన మామిడికాయల కాలంల వచ్చిండు. బక్కగయిండు, మొకం మీద మాత్రం ఎలుగు. దిగంగనే తాండకు పోయి "చూసిన యాడీ, నీ అద్దాలు చూసిన" అన్నడు. ఆమె ఆయన మొకం తడిమింది, ఒళ్ళు తడిమింది, గని నమ్మలె. "నా మనసు కోసం అంటున్నవ్ బేటా" అన్నది. ఎండి బిళ్ళలు సంచిలనే ఉన్నయి.

ఆ దినం సాయంత్రం బాయి మోటరు కాడికెల్లి వైరు గుంజినం. ఆయన తెచ్చింది స్లైడు మిషిని. అగ్గిపెట్టంత అట్టల చిన్న రంగుల ఫిలిం ఉంటది, ఎనకకెల్లి లైటేస్తె గోడ మీద బొమ్మ పడతది. రెడ్యా ఇంటి గోడకు సున్నమేసిండ్రు. ఇగ చూడు! జపాన్ల విమానాల అడ్డ మీద మిద్దె ఉంటదట, ఆడ ఈయనసొంటి పిచ్చోళ్ళు వందలమంది కెమెరాలు పట్టుకొని నిలవడ్డరు. "ఎవ్వడు పొమ్మనలె ప్రభాకర్, భాష రాదు గని నా కెమెరా చూసి జాగిచ్చిండ్రు రా" అన్నడు, గది చెప్పుకుంట కండ్ల నీళ్ళు పెట్టుకున్నడు. సముద్రం నడుమ దీవుల మీద ఎర్ర తోక విమానం. అమెరికల మంచుల నిలవడ్డ జంబో, దాని చక్రమే మనిషి రొమ్ము దాంక ఉన్నది. లండన్ల ముక్కు కిందికి ఒంచుకొని దిగేది ఒకటి, కొంగ లెక్క. తాండంత నోరు తెరిచి చూస్తున్నది. పిల్లలు గోడ ఎనకకు పోయి చూసొచ్చిండ్రు, ఆడ ఉన్నదేమో అని. "గిదంత లేస్తదా?" అని మోతీ. "లేస్తది." "మనుషులతోనే?" "మనుషులతోనే." రెడ్యా చుట్ట ఆరిపోయింది, ఎలిగించుకునుడు మరిచిండు. నేను మరి, ఫోటోలు తీసి బతికేటోన్ని, నేను గూడ పిల్లల ఎంబడి గోడ ఎనకకు పోయి చూసొచ్చిన.

సుక్కవ్వ ఒక్కతే గోడ దిక్కు చూస్తలేదు. ఈయన దిక్కే చూస్తున్నది.

గప్పుడు ఆఖరుది ఏసిండు. విమానం లేదు దాంట్ల. ఒక మూలకు రెక్క కొస, మిగిలిందంత ఎర్రటి నేల, చెల్కలు, గీతంత బాట. నడుమ తెల్లగ, జొన్నగింజంత మెరుపు. పక్కకు ఇంక సన్నగ, రవ్వ చల్లినట్టు. ఎవ్వలకు ఏం సమజ్ కాలె. ఈయన చెప్తున్నడు, "నా పక్క సీట్ల ఒక కాకినాడాయన ఉన్నడు. నేను కిటికీకి నెత్తి కొట్టుకుంట 'గదిగో మా అమ్మ, గదిగో మా అమ్మ' అంటె, 'ఏవండీ, మీ అమ్మగారు కిందెక్కడున్నారండీ' అని ఆయన గూడ నా మీదికెల్లి ఒంగి చూసిండు. 'అవునండీ, మెరుస్తున్నారండీ' అన్నడు యాడీ." ఈయన ఆ యాస పట్టంగ మేమంత నవ్వినం.

సుక్కవ్వ లేసింది. మెల్లగ గోడ దిక్కు నడిచింది, ఆ మెరుపు మీద చెయ్యి పెడదామని. మిషిని లైటుకు అడ్డం వచ్చింది. రమ్ము ఎనకకు అని ఎవ్వలో అనబోయిండ్రు, నోట్లనే ఆగింది. ఆ లైటు ఆమె అద్దాల మీద పడ్డది బిడ్డా. మిద్దెలు, గడ్డివాములు, పిల్లల మొకాలు, ఎడ్ల కొమ్ములు, పైన యాపకొమ్మలు, అంతటా ఎలుగు చుక్కలే. ఆమె ఊపిరి తీస్తె కదులుతున్నయి. నేను గీ వయసుకొచ్చిన, గసొంటిది మల్ల చూడలె. ఆమెకు మాత్రం తెల్వదు, గోడ మీద చెయ్యి పెట్టి నిలవడి, "గిది నేనేనా? గింత పైకి పోయిన్నా?" అంటున్నది. మర్నాడు జడలల్ల ఎండి బిళ్ళలు కనవడ్డయి.

ఆ స్లైడు ఆమెకే ఇచ్చిండు. ఆమె ఏం చేసిందంటవ్? అట్ట తీసేసి, ఆ ఫిలిం తునకను కొంగుకు కుట్టుకున్నది, అద్దాల నడుమ. తర్వాత ఈయన ఆ మిషిని పట్టుకొని ఊరూరు తిరిగిండు, జనగామ, తరిగొప్పుల, భూపాలపల్లి, మహదేవపూర్ దాంక. గోదారి ఒడ్డుకు రైలే చూడనోళ్ళకు జంబో చూపెట్టిండు. ఆఖరుకు ఒక ఖాళీ ఏసేటోడు, గోడ మీద ఒట్టి తెల్ల ఎలుగు. "గిది మా యాడి కాడున్నది" అనేటోడు. ఎవ్వలు నవ్వకపోయేది.

ఎనభై ఆరుల గట్ల తిరుక్కుంటనే ఆయనకు కామెర్లయినయి. ఓరుగల్లు దవాఖానల ఉంచిండ్రు గని... దక్కలేదు.

దినాలు కాంగనే సుక్కవ్వ గీ స్టూడియోకు వచ్చింది. నడుచుకుంటనే వచ్చింది, ముసల్ది. "అద్దం బయటికి పట్టు" అన్నది. "ఏ విమానం లేదు యాడీ ఇప్పుడు" అన్న. "ఉంటె ఏంది, లేకుంటె ఏంది. నా బేటా పైనున్నడు. కింద నేనున్నట్టు గానికి తెల్వాలె గద" అన్నది. గా రోడ్డు మీద, నడి ఎండల, రిక్షలోళ్ళు, కూరగాయలోళ్ళు అందరు చూస్తుండంగ పైకి పట్టిన. ఆమె గూడ కొంగు పట్టింది. ఎంతసేపో. నా చేతులు ఆగలె, అద్దం జారి స్టూడియో గడపకు కొట్టుకున్నది. గా పగిలిన మూల గదే.

...

ఆ, వచ్చింది కరెంటు. లే, గీ స్టూలు మీద కూసో. గడ్డం జర కిందికి. భుజాలు దించు. ఇగ రెప్ప కొట్టకు.