చుట్టూ బెత్తెడు ఖాళీ

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ఆఫీసు పెద్ద సారుగారికీ, ఈ హోటల్ యజమానిగారికీ, బూట్లు బయట విడిచి చాపల మీద సర్దుకుని కూర్చున్న పెద్దలకూ మిత్రులకూ, ముందు వరుసలోంచి నాకు గడియారం చూపిస్తున్న మా ఆవిడకూ నమస్కారం. కుర్చీలు లేవని నన్ను తిట్టుకోకండి. ఈ హాల్లో కుర్చీ ఉండకూడదని పట్టుబట్టింది నేనే. అప్పట్లో నా మోకాళ్లు బాగుండేవి. (నవ్వులు)

ఈ రోజుతో ముగుస్తున్న నా ముప్పై నాలుగేళ్ల ఉద్యోగం మీద వారం రోజులుగా ఒక ప్రసంగం బట్టీ పట్టాను. మా ఆవిడ నాలుగుసార్లు విని, అయిదోసారికి వంటింట్లోకి వెళ్లిపోయింది. కానీ అరగంట కిందట టీ దగ్గర ఒక మాట విన్నాను. అప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడటం లేదు. ఏది ముందు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తెలియకుండానే మైకు పట్టుకున్నాను. తికమకగా ఉంటే మన్నించాలి.

ఎనిమిదేళ్ల కిందట మా ఆఫీసు నక్షా గీసి కట్టించిన ఈ హోటల్ సంగతి మీకు తెలిసిందే. రెండు దుకాణాల మధ్య ఇరుకు స్థలం, పంతొమ్మిది గదులు. యజమానిగారు మొదటి రోజే, "లోపల జపాను వాళ్ల పాతకాలం ఇల్లులా ఉండాలి, కానీ లిఫ్టూ ఏసీ అన్నీ ఉండాలి" అన్నారు. సరేనన్నాం. బయట కాంక్రీటూ గాజూ, లోపల జరిపే కాగితం తలుపులూ, నేలంతా గడ్డి చాపలూ. ఆ పద్ధతిలో గదిని అడుగులతో కాదు, చాపలతో కొలుస్తారు. మాది ఆరు చాపల గది. చాపల్లో పెద్దవీ చిన్నవీ ఉంటాయి, పొడవులో జానెడు తేడా. మేం పెద్దవాటికి గీశాం, గోడలు లేపాం. తీరా వచ్చినవి చిన్నవి. పరిచి చూస్తే గది చుట్టూ బెత్తెడు పైన ఖాళీ, అదీ పంతొమ్మిది గదుల్లో. యజమానిగారు తల పట్టుకుని మెట్ల మీద కూలబడ్డారు. అవునాండీ? (నవ్వులు) అప్పుడు నేను అందరి ముందూ, "మా ఆఫీసు అమ్మాయి చాపల ఆర్డరు తప్పు రాసిందండీ" అన్నాను.

ఆ అమ్మాయి అదిగో, మూడో వరుసలో స్తంభం పక్కన ఉంది. ఆ రోజు సుద్దముక్క తీసుకుని మోకాళ్ల మీద కూర్చుని, ఖాళీ పొడవునా గీత గీసి, "ఇక్కడ చెక్క పట్టీ వేద్దాం సార్. వైర్లూ ప్లగ్గులూ ఏసీ గాలీ అన్నీ దీంట్లోకి పోతాయి. చాప మీద కొత్త వస్తువు ఒక్కటీ కనపడదు" అంది. ఇందాక పెద్ద సారుగారు నా ప్రతిభ అని పొగిడిన చెక్క పట్టీ అదే. ఈ హోటల్‌కి వచ్చిన బహుమతి కూడా దానికే, నా పేరు మీద. ఆఫీసు పనంటే నా పనే కదా అని సర్ది చెప్పుకున్నాను. పట్టీ ఆలోచన ఆమెదని మాత్రం నాకు మొదటి నుంచీ తెలుసు, దీంట్లో తికమకేం లేదు. ఆ పైన ఆమెకు 'బెత్తెడు' అని పేరు పెట్టాను. ఎనిమిదేళ్లుగా ఆఫీసంతా అలాగే పిలుస్తోంది.

ఇందాక టీ దగ్గర చాపల షాపాయన కలిశారు. "మీరు హడావుడి మనిషి సార్. పెద్ద చాపలకి ఇంకో నెల పడుతుందని ఫోన్ చేస్తే, జానెడు తేడాకి కొంపేం మునగదు, ఉన్నవి పంపించెయ్యమన్నారు" అన్నారు. "నేనా?" అన్నాను. "మీరే" అన్నారాయన. ఆయన నవ్వుతూనే ఉన్నారు, నా చేతిలో టీ చల్లారిపోయింది. ప్రమాణం చేసి చెబుతున్నాను, నాకు ఆ ఫోను గుర్తు లేదు. ఇప్పటికీ గుర్తు రావడం లేదు.

పెద్ద సారుగారూ, నా సీటు ఎవరికివ్వాలో రాసివ్వమని మీరు అడిగారు, పోయిన వారం రాసిచ్చాను. ఆ అమ్మాయి మంచి పనిమంతురాలే కానీ కొలతల దగ్గర నమ్మలేమని రాశాను. నా ప్రసంగం అవగానే మీరు పేరు ప్రకటిస్తారు. దయచేసి ఆ కాగితం చించెయ్యండి. ఆమె రాసిన ఆర్డరు సరిగ్గానే ఉంది. తప్పు నాది.

ఏమ్మా, లేచావు? వెళ్లిపోతున్నావా? మాట్లాడు, మైకు అక్కర్లేదు, వినపడుతుంది.

(సభలోంచి) "ఆ ఫోను సంగతి నాకు అప్పుడే తెలుసు సార్. షాపుకి వెళ్లి అడిగాను."

మరి ఇన్నాళ్లూ ఒక్క మాటైనా అనలేదేమ్మా?

"మీరు మర్చిపోయారని నాకేం తెలుసు సార్? కావాలనే నా మీద తోశారనుకున్నాను."

(సభవైపు తిరిగి) విన్నారుగా. ఎనిమిదేళ్లు నా పక్క బల్ల దగ్గర కూర్చుని, రోజూ పొద్దున్నే నాకు నమస్కారం పెట్టింది. నేను అలాంటివాడిననుకుంటూనే పెట్టింది. కాదని చెప్పుకోవడానికి నా దగ్గర ఏముందో వెతుక్కుంటున్నాను, దొరకడం లేదు. వచ్చిన అందరికీ కృతజ్ఞతలు. అమ్మా, నీకు నమస్కారం. సెలవు.